చేతి మీది గోదారి

జూలై 4

నిన్న పడుకునేటప్పుడు నా వాచీ నా వాచీలాగే ఉంది. పొద్దున లేచి ఛార్జరు మీంచి తీసి పెట్టుకుంటే ఎవరి చేతిదో తెచ్చి పెట్టుకున్నట్టుంది.

అప్‌డేట్ అట. నన్నెవరూ అడగలేదు. మా ఆవిడ షహజాది మాత్రం అది అడిగే ఉంటుందనీ, కళ్ళజోడు లేకుండా నేనే ఓకే నొక్కి ఉంటాననీ అంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నా పక్షం మాట్లాడింది ఎప్పుడు గనక. ఇప్పుడు వాచీ పక్షం.

ముందు ఎలా ఉండేదో రాసి పెట్టుకోవాలి, లేకపోతే నేనే మరిచిపోతాను. పైన ఎర్రగా గుండె బొమ్మ, పక్కన ఒక అంకె. అది నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పేది. కింద నీలం చుక్క, పక్కన ఇంకో అంకె. అది భద్రాచలం దగ్గర గోదారి ఎన్ని అడుగులుందో చెప్పేది. మధ్యలో టైము. పైన నేను, కింద గోదారి. చంటిపిల్లకైనా అర్థమవుతుంది.

ఇప్పుడు నల్లటి చక్రం, దాని మధ్యలో ఒకటే అంకె. తెల్లగా. కాసేపటికి దానంతటదే మారిపోతుంది. పక్కన ఆవగింజంత బొమ్మ ఏదో ఉంది. కళ్ళజోడు పెట్టుకుని వెలుతురు దగ్గరికి పోయి చేయి తిప్పి చూస్తే తప్ప అది గుండో నీటిచుక్కో తెలియదు.

ఈ రెండు అంకెలు నాకెందుకంటే, ఎండాకాలంలో దుకాణంలో పరుపు కుడుతూ దబ్బనం చేతిలో ఉండగానే పడిపోయాను. గుండె నిదానంగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికి చూస్తూ ఉందాం, 45 కంటే దిగితే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు, ప్రాణం మీదికి వస్తుంది అంది. అందుకని మా అమ్మాయి షబ్రీన్ ఈ వాచీ కొనిచ్చింది. ఇక గోదారి సంగతి. మా దుకాణం కరకట్ట కింద పల్లంలో ఉంది, దుకాణం నిండా దూది. అల్లుడు ముదస్సిర్ ఖమ్మంలో ఫోన్లు బాగు చేస్తాడు. ఫోనులోకి గోదారిని తెప్పించి, ఫోనులోంచి వాచీలోకి పంపేట్టు అతనే ఏదో యాప్ పెట్టాడు.

కళ్ళు తిరిగినప్పుడల్లా రాసి పెట్టుకోమని కూడా డాక్టరమ్మ చెప్పింది. ఇవాళ కళ్ళు తిరగలేదు. ఒళ్ళు మండింది.

జూలై 5

గుండె కోసం నొక్కితే టార్చిలైటు వెలిగింది.

జూలై 7

ముదస్సిర్ వీడియో కాల్ చేశాడు. కింది నుంచి పైకి జరపమన్నాడు. జరిపాను. అలా కాదు మామా, నిదానంగా అన్నాడు. నిదానంగా జరిపితే అది నొక్కినట్టయింది. గట్టిగా నొక్కి పట్టుకోమన్నాడు. పట్టుకుంటే వాచీ ఆఫ్ అయింది. మళ్ళీ ఆన్ అయ్యేసరికి మా ఇద్దరికీ మాట్లాడే ఓపిక పోయింది.

పాత ముఖం కావాలన్నాను. దానికి ఇప్పుడు సపోర్ట్ లేదట. ఇది అందరికీ వచ్చింది, నాలుగు రోజులు వాడితే అలవాటైపోతుంది అన్నాడు. అందరికీ వస్తే నాకేం ఊరట? జ్వరాలు కూడా అందరికీ వస్తాయి.

కొత్తగా ఇంకో పీడ పట్టుకుంది. గంటకోసారి చేతి మీద గిలగిల కొట్టుకుంటుంది. లేచి నిలబడమంటుంది. నేను పరుపులు కుట్టేవాణ్ణి, నేల మీద కూర్చుంటేనే నా పని. కాసేపు ఆగి ఊపిరి తీసుకోమంటుంది. ఇప్పటిదాకా నేను చేస్తున్నదేమిటో మరి.

జూలై 11, ఉదయం

చాయ్ తాగుతూ వాచీ చూశాను. 31.

45 దిగితేనే ప్రాణం మీదికి వస్తుందన్నారు. ఇది 31. ఆటో నడిపే కోటేష్‌కు ఫోన్ చేశాను, బండి తెస్తున్నాడు. షహజాది ఏడుస్తూ నా చెప్పులు వెతుకుతోంది. నాకైతే ఏమీ అనిపించడం లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. షబ్రీన్‌కు ఇప్పుడే చెప్పొద్దన్నాను. ఎనిమిదో నెల దానికి.

జూలై 11, సాయంత్రం

పరువు పోయింది.

డాక్టరమ్మ చేయి పట్టుకుని చూసింది. ఈసీజీ తీయించింది. గుండె 58, మొన్నటికంటే మెరుగు అంది. మరి ఈ 31 ఏమిటమ్మా అని చేయి చాపాను. ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని, వాచీని ముక్కు దగ్గరికి లాక్కుని చూసింది. అది నీటిచుక్క. గోదారి ముప్పై ఒక్క అడుగులు. ఆమె పెదవి కొరుక్కుంది గానీ పక్కనున్న నర్సులు ఆగలేదు. నన్ను మోసుకొచ్చిన కోటేష్ అయితే గోడ పట్టుకుని నవ్వాడు.

నేను చెప్పొద్దంటే ఆగే మనిషా? మేం ఇంటికి చేరేలోపు టీ కొట్టు దగ్గర అందరికీ తెలిసిపోయింది. గోదారికి ఈసీజీ తీయించిన మొదటి మనిషిని నేనేనట. పక్కింటి రామక్క మిర్చి బజ్జీలు వేస్తూ, గోదారికి ఏం మందులిచ్చారని అడిగింది. ఆమెకు నా మీద అభిమానమే. అయినా అడిగింది.

ఇకమీద ఈ వాచీ మాట పట్టుకుని దవాఖానా మెట్లెక్కను. ఒక రూలు పెట్టుకున్నాను. కళ్ళజోడుతో పని లేదు, బొమ్మతో పని లేదు. రెండు అంకెల్లో చిన్నది గోదారి. పెద్దది నేను.

జూలై 13

గిలగిల కొట్టుకోవడాలన్నీ ఆపేశాను. గంట సేపు పట్టింది. నిలబడమనేది ఆఫ్. ఊపిరి ఆఫ్. నీళ్ళు తాగమనేది ఆఫ్. చివర గుండె గురించి ఏదో ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని ఆపితే ప్రమాదం, నిజంగా ఆపాలా అని రెండుసార్లు అడిగింది. ముఖం మొత్తం మార్చేటప్పుడు నన్ను అడగాలని తోచలేదు గానీ, ఇప్పుడు గుర్తొచ్చింది దీనికి. ఆపమన్నాను.

హాయిగా ఉంది.

జూలై 20

షహజాది ఖమ్మం వెళ్ళింది. షబ్రీన్ కాన్పు దాకా అక్కడే ఉంటుంది. బస్సు ఎక్కేదాకా జాగ్రత్తలు చెబుతూనే ఉంది, బస్సు కదిలాక కిటికీలోంచి చేతి మీద వేలితో కొట్టి చూపించింది. వాచీ చూసుకుంటూ ఉండమని. చూసుకుంటాలే అని చేయి ఊపాను.

నేనూ వెనకే వెళ్ళాలి. ఒక్క పని మిగిలింది. పుట్టబోయే బిడ్డకు చిన్న పరుపు. తండా నుంచి వచ్చే రూప్లి నాకు ఏటా బూరుగు దూది తెచ్చిస్తుంది. ఈసారి తెచ్చినదాంట్లో మేలైనది గింజ లేకుండా ఏరి పక్కన పెట్టాను. మిషను మీద వేయను. చేత్తోనే విడదీస్తున్నాను. ఊరందరి పిల్లలూ నేను కుట్టిన పరుపుల మీద పక్క తడిపి పెరిగారు. నా మనవడో మనవరాలో మాత్రం ఎవరో కుట్టినదాని మీద పడుకోవాలా? కుట్టడమే కాదు, దాని మీద నా చేత్తో నేనే పడుకోబెట్టాలి. డాక్టరమ్మ ప్రాణం మీదికి అన్నప్పటి నుంచి నా మనసులో ఇదొక్కటే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

జూలై 29

నాలుగు రోజులుగా ముసురు. పైన కూడా వానలేనట, గోదారి పెరుగుతోంది.

నన్ను చూసి నవ్విన వీధే ఇప్పుడు నా దగ్గరికి వస్తోంది. ఎంత అన్నా, ఎంత అన్నా అని. ఈ ఊళ్ళో వానాకాలం పలకరింపే అది, తిన్నావా అని అడగరు. 43 అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. పుట్టిన పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఇవి వస్తాయి. 43 అంటే సామాను సర్దుకోవాలి. 48 అంటే పైకెత్తాలి. 53 అంటే ఎత్తేది మనుషుల్నే.

వాచీ చూసి 36 అని చెప్పాను. కాసేపటికి అది 57 అయింది, అది నేను. నా రూలు చక్కగా పనిచేస్తోంది. రామక్క పొయ్యి ముందు కూర్చునే, గోడ మీంచి అడుగుతుంది. నేను గోడ మీంచే చెబుతాను. ఆమెది ఒంటరి బతుకు, బజ్జీల పొయ్యి, నాలుగు కోళ్ళు. నా మాట వింటే నిబ్బరంగా నిద్రపోతుంది.

నిజం చెప్పాలంటే నాకు కొంచెం గర్వంగానే ఉంది.

ఆగస్టు 1

43 దాటింది. మైకు బండి తిరిగింది. కోటేష్ వచ్చి దూది మూటలు పైగదికి చేర్చాడు, నేను కింది నుంచి అందించాను. మా దుకాణం గోడ మీద రెండు వేల ఇరవై రెండులో వచ్చిన వరద గీత ఇంకా ఉంది, పైకప్పుకు జానెడు కింద. దాన్ని చూస్తే ఎవరికైనా చేతులు వాటంతటవే ఆడతాయి.

పైగది రేకులది. రెండు చోట్ల కారుతోంది. మూటలు అక్కడ ఎక్కువ రోజులు ఉంచితే చెమ్మ పట్టి ముద్దవుతాయి. గోదారి తగ్గగానే దించేయాలి.

కళ్ళజోడు మూట కింద పడి నలిగిపోయింది. పోనీ, నాకు బొమ్మతో పని లేదుగా.

ఆగస్టు 2

పొద్దున 48. సాయంత్రం 49. వీధి సగం ఖాళీ. రామక్కను బడిలో పెట్టిన వరద కేంద్రానికి పంపించాను. కోళ్ళను వదిలి పోనంది, నేను చూసుకుంటానన్నాక కదిలింది.

నేను పైగదిలో ఉన్నాను. గోదారి 49, నేను 52. ఇద్దరం ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

కరెంటు తీసేశారు. ఫోనులో ఛార్జింగ్ లేదు. కోటేష్ ఆటోలో పెట్టి తెస్తానని తీసుకుపోయాడు. వాచీకి మాత్రం పొద్దుననే ఛార్జింగ్ పెట్టాను. ఈ ఒక్క విషయంలో దాన్ని మెచ్చుకోవాలి, ఎన్ని రోజులైనా ఉంటుంది.

ఆగస్టు 3, ఉదయం

47!

తగ్గుముఖం పట్టింది. కోటేష్ రాలేదు. చర్ల దారిలో ఊళ్ళు మునిగితే జనాన్ని తీసుకురావడానికి ఆటోల్ని పిలిచారట, కట్ట మీద పోతున్నవాళ్ళు చెప్పారు. ఫోను అతని దగ్గరే ఉంది. వానలో ఎక్కడని వెతుకుతాను? వాచీ ఉంది చాలు.

వాచీలో ఇప్పుడు రెండు అంకెలు మార్చి మార్చి చూపడం కూడా మానేసింది. ఒకటే ఉంటోంది. నా అంకె ఎటు పోయిందో తెలియదు. వరద టైములో ముసలాడి గుండెతో ఎవరికి పని, దానికీ ఆ మాత్రం తెలివుంది అనుకున్నాను.

ఆగస్టు 3, మధ్యాహ్నం

44. వరద మంచి వేగంగా తీస్తోంది.

ఒకటే అర్థం కావడం లేదు. నేను మెట్లు ఎక్కి వచ్చిన ప్రతిసారీ గోదారి ఒక అడుగు పెరుగుతోంది. కూర్చుంటే మళ్ళీ తగ్గుతోంది. ఇలాంటి గోదారిని నేను పుట్టి ఎరగను. అప్‌డేట్ మహిమ కాబోలు.

తల తేలిగ్గా ఉంది. రెండు రోజుల నుంచి అటుకులతోనే గడుస్తోంది కదా.

ఆగస్టు 3, సాయంత్రం

రామక్క కోళ్ళ కోసం వచ్చింది. కేంద్రంలో అందరూ పెరుగుతోందంటున్నారట. నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్ళు చెప్పేది ఎప్పటి సంగతో, నా చేతి మీద ఉన్నది ఇప్పటి సంగతి అన్నాను. చూపించాను. 42. ఆమెకు చదువు రాదు గానీ అంకెలు వస్తాయి. చాలాసేపు చూసింది. నువ్వంటే నిజమేలే అన్నా అని తన ఇంట్లోకి పోయి చాప పరుచుకుంది. కేంద్రంలో రాత్రంతా పిల్లల ఏడుపులతో కునుకు లేదట, పాపం.

ఆగస్టు 4, ఉదయం

41. మొదటి హెచ్చరిక కంటే కిందికి వచ్చేసింది.

రేకులు కారి రెండు మూటలు అప్పుడే చెమ్మగిల్లాయి. కోటేష్ కోసం చూస్తే లాభం లేదు. నేనే ఒక్కొక్కటీ దించుతున్నాను. ఒక మూట దించి మెట్టు మీద కూర్చుంటున్నాను. దూది ఇంత బరువుంటుందని ఇన్నేళ్ళూ తెలియలేదు.

మైకు బండి కట్ట మీద ఏదో అరుస్తూ పోయింది. వాన హోరులో ఒక్క ముక్క వినబడలేదు. తగ్గిందనే చెబుతుండాలి.

చిన్న పరుపు అంచు కుట్టు కూడా అయిపోయింది. కవరులో చుట్టి పక్కన పెట్టుకున్నాను. దారి తెరవగానే ఖమ్మం బస్సు.

ఆగస్టు 4, మధ్యాహ్నం

39.

మూటలన్నీ దించేశాను. కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరమ్మ రాయమంది కదా, రాశాను.

ఆగస్టు 9, ఖమ్మం

ఇవాళే కూర్చోబెట్టారు. పెన్ను పట్టుకుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా రాయాలి. రాయకపోతే జరిగింది నాకే నమ్మకం కలగదు.

ఆ మధ్యాహ్నం నేను దుకాణంలో మూటల మధ్య కూర్చుని ఉన్నాను. గుమ్మంలో రామక్క కనబడింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చంకలో ఒక కోడి. ఆమె అరవలేదు, కోప్పడలేదు. అర్థంకాక అడిగినట్టు అడిగింది.

"అన్నా, నీ గడియారంల తగ్గుతాంది. మరి నా ఇంట్లకు నీళ్ళెట్లొచ్చినయ్?"

నేను చేయి చాపి చూపించాను. 37 ఉంది. అదిగో ఇంకా తగ్గింది చూడు అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. ఆ తర్వాత నాకేమీ గుర్తు లేదు.

మిగతాది వీళ్ళు చెప్పింది. రెండు రోజులుగా షబ్రీన్ నాకు ఫోన్ చేస్తుంటే చివరికి కోటేష్ ఎత్తాడట. ఫోను నీ దగ్గరుంటే మా నాయినను ఎవరు చూస్తున్నారని అది ఏడ్చి గోల పెడితే, పని వదిలేసి మా వీధికి వచ్చాడు. వచ్చేసరికి నీళ్ళు మా గుమ్మం తాకుతున్నాయి, రామక్క నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోదారి అప్పటికి 52. నేను తగ్గుతోంది, తగ్గుతోంది అంటున్న రెండు రోజులూ అది పెరుగుతూనే ఉంది. ఇద్దరూ కలిసి నన్ను ఒక పరుపు మీద వేసి ఆటో దాకా ఈడ్చుకుపోయారు. భద్రాచలం దవాఖానాలో ఏదో వైరు లోపలికి పంపి గుండెను ఆడించి, అంబులెన్సులో బ్రిడ్జి దాటించి ఇక్కడికి పంపారు. ఇక్కడ కాలర్ ఎముక కింద చిన్న మిషను పెట్టారు.

కళ్ళు తెరిచేసరికి షహజాది ఒక పక్క, షబ్రీన్ ఒక పక్క. నిండు నెలల మనిషి, నిలబడలేక మంచం కడ్డీ పట్టుకుని ఉంది. నేను నోరు తెరవగానే గోదారి ఎంత అని అడిగానట. 41 దాకా తగ్గిందే, మళ్ళీ ఎలా పెరిగింది అన్నానట. అది నా చేయి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

"నాయినా, ఫోన్ కోటేషన్న తాన ఉంటే గోదారి నీ చేతికి ఎట్లొస్తది? ఆ నలభై ఒకటి నువ్వే."

నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ముదస్సిర్ రెండు మూడు రకాలుగా చెప్పాడు. ఫోను దగ్గర లేకపోతే గోదారి రాదు. కొత్త ముఖంలో రానిది చూపించరు, ఉన్నదే చూపిస్తారు. పాతదాంట్లో అయితే నీలం చుక్క పక్కన గీత పడేది, గోదారి లేదని తెలిసేది. ఆ ఒక్క గీత తీసేశారు. నేను వాచీనే తిడదామనుకున్నాను. కానీ అది రెండు రోజులూ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఆపాలా అని నన్ను రెండుసార్లు అడిగింది కూడా. ఇవన్నీ తలుచుకుంటే ఎవరిని తిట్టాలో తెలియడం లేదు.

మెట్లు ఎక్కితే పెరిగిందే, అప్పుడైనా నాకు బుద్ధి ఉండొద్దా!

ఆగస్టు 10

మూటలన్నీ పోయాయి. నేనే వరసగా దించిపెట్టాను, గోదారి వచ్చి తీరిగ్గా నానబెట్టింది.

దాని గురించి పెద్దగా బాధ లేదు. నిద్ర పట్టనిది వేరే దానికి. రామక్క నా మాట మీద ఇంట్లో పడుకుంది. ఆమె బియ్యం పోయాయి, పొయ్యి పోయింది, మూడు కోళ్ళు పోయాయి. నీళ్ళు పగలు కాక నిద్రలో వచ్చి ఉంటే? ఈ మాట షహజాదితో అన్నాను. ఆమె నా పక్షం మాట్లాడలేదు, వాచీ పక్షమూ మాట్లాడలేదు.

ఆగస్టు 11

చిన్న పరుపు దొరికింది! అసలు ఎక్కడికీ పోలేదు. ఆటోలో నా తల కింద ఏదో ఒకటి పెట్టాలని రామక్క చేతికి అందింది తీసి పెట్టిందట, కవరుతో సహా. అంబులెన్సులోనూ అదే. ఇక్కడి మంచం మీదా అదే. ఇన్ని రోజులూ పుట్టబోయే బిడ్డ పరుపు మీద తల పెట్టుకుని పడుకుని, అది గోదాట్లో కలిసిందని కుమిలిపోయాను.

షహజాది గలేబు మార్చింది. కుట్టు బాగుందని డ్యూటీ డాక్టరు కూడా అన్నాడు.

ఆగస్టు 12

ఇప్పుడు వాచీలో 60. నిన్న 60. లోపలి మిషను అంతకంటే కిందికి పోనివ్వదట.

దీనికి కూడా అప్‌డేట్లు వస్తాయా అని పెద్ద డాక్టరును అడిగాను. ఆయన నవ్వి, అవసరమైతే మేమే బయటి నుంచి ప్రోగ్రాం మారుస్తాం అన్నాడు. మార్చే ముందు నన్ను అడుగుతారా అన్నాను. అడుగుతామన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాకే అడగమన్నాను.

ఆగస్టు 13

సాయంత్రం రామక్క ఫోన్ చేసింది. ఆమెకు ఫోన్ చేయడం రాదు, కోటేష్ కలిపిచ్చాడు. వారం రోజులుగా ఆమెకు ఏం చెప్పాలో మనసులో కూడబెట్టుకుని ఉన్నాను. క్షమించమని అడగాలి, కోళ్ళ సంగతి అడగాలి, నేను వచ్చాక మొదటి పరుపు నీకే కుడతానని చెప్పాలి. ఆమె నాకంటే ముందే అందుకుంది.

వానాకాలం సాయంత్రాలు గోడ మీంచి అడిగినట్టే అడిగింది. ఎంత అన్నా అని.

గోదారి ఎంతో నాకు తెలియదు, ముదస్సిర్ ఆ యాప్ తీసేశాడు. తెలిసినా ఇకమీద నేను చెప్పను. ఎవరిది రామక్కా, గోదారిదా అన్నాను.

"గోదారి మా గడప ముంగటనే ఉన్నది, నాకు కనిపియ్యదా? నీదే అన్నా."

అరవై అని చెప్పాను. మంచిగున్నది అని పెట్టేసింది.

ఆగస్టు 16, ఉదయం

ఆడపిల్ల.

బూరుగు పరుపు పరిచాను. నా చేత్తోనే పడుకోబెట్టాను. పాదానికి ఏదో వైరు చుట్టారు, పక్కన తెర మీద 142.

గోదారి ఎన్నడూ ఇంత రాలేదు.

కొత్త కళ్ళజోడు జేబులోనే ఉంది. తీయలేదు. ఆ అంకె ఎవరిదని ఎవరినీ అడగలేదు.